నా పేరు మీద ఆడిన ఫైనల్

డినీ పోయిన ఆర్నెల్లకు వాళ్ళమ్మాయి నోరీన్ మా ఇంటికి వచ్చింది. విండ్సర్ నుంచి వాటర్లూ దాకా మూడు గంటలు ఒక్కతే డ్రైవ్ చేసుకుంటూ వచ్చి, బూట్లు గుమ్మం దగ్గర విప్పి, వంటింటి బల్ల మీద లావుపాటి ఫైలొకటి పెట్టింది. వాళ్ళ నాన్న హర్లింగ్ ఆడిన రోజుల గురించి క్లబ్ వాళ్ళు పుస్తకం వేస్తున్నారట, రాసే పని ఆమె నెత్తిన పెట్టారట. హర్లింగ్ అంటే ఐర్లండ్ వాళ్ళ ఆట. తెడ్డులాంటి కర్రతో చిన్న తోలుబంతిని కొడతారు, వలలోకి పోతే గోల్, వల పైనుంచి పోతే పాయింటు. తెలియనివాళ్ళు చూస్తే ఆటలా ఉండదు, పొలం గట్టు దగ్గర కొట్లాటలా ఉంటుంది. "అంకుల్ జాగ్, నాన్నతో ఆడినవాళ్ళలో ఇంకా మిగిలింది మీరొక్కరే. చదివి తప్పులుంటే చెప్పండి," అంది. మా ఆవిడ కాఫీ తెచ్చింది. నేను కళ్ళజోడు పెట్టుకున్నాను.

నాకు కావలసింది ఒక్క పేజీ. దొరికింది. టొరంటో జట్టుతో ఆడిన ఫైనల్. డినీ హాలరన్, రెండు గోల్స్, అయిదు పాయింట్లు. కింద చిన్న అక్షరాల్లో, ఆ రోజు అతను సస్పెన్షన్‌లో ఉన్నందువల్ల ఒక స్నేహితుడి పేరు మీద ఆడాడు అని రాసి, పక్కన నవ్వుముఖం బొమ్మ కూడా వేశారు. సరే. నాలుగు కాగితాలు తిప్పితే, క్లబ్ ఆటగాళ్ళకు పడిన శిక్షల జాబితా ఉంది. అందులో కె. జగన్నాథం, అదే ఫైనల్, అవతలి ఆటగాడి ముఖం మీద కర్రతో కొట్టినందుకు రెండేళ్ళ నిషేధం. ఆ రెండు గోల్స్ కొట్టిందీ, ఆ దెబ్బ కొట్టిందీ ఒకే మనిషి, ఒకే మధ్యాహ్నం, ఒకే కర్రతో. గోల్స్ మాత్రం డినీకి తిరిగి చేరాయి. దెబ్బ నా దగ్గరే ఉండిపోయింది. కె. జగన్నాథం అంటే నేనే. ఆ ఫైనల్లో నేను ఒక్క నిమిషం కూడా ఆడలేదు.

మా నాన్నగారు కంటి డాక్టరు. నాకు పన్నెండేళ్ళప్పుడు కాకినాడ నుంచి కెనడాలో ఈ విండ్సర్ ఆస్పత్రికి వచ్చి చేరారు. ఆ రోజుల్లో ఊళ్ళో తెలుగువాళ్ళ ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మా ఇంటి కింద బేస్‌మెంట్ ఖాళీగా ఉండేది. అమ్మకు ఆ ఖాళీ అంటే భయం. పగలంతా ఒంటరిగా ఉంటే కింద ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ మోత మనిషి దగ్గినట్టు వినిపిస్తోందని, ఎవరికైనా అద్దెకిచ్చేయమని పోరింది. అలా వచ్చినవాడు డినీ. కారు ఫ్యాక్టరీలో పని, ఎర్రజుట్టు, విరిగి అతుక్కున్న ముక్కు, ఒక సూట్‌కేసు, చంకలో కట్టెలమోపంత కర్రలు. "ఇతనేంటండీ, రౌడీలా ఉన్నాడు," అని అమ్మ తెలుగులో అంటే, ఏదో మర్యాద మాట అనుకుని తలవంచి నమస్కారం పెట్టాడు. ఆర్నెల్లు తిరిగేసరికి ఆదివారం పెసరట్లకు అతనికీ ఒక కంచం సిద్ధంగా ఉండేది. అమ్మను 'మిసెస్ డాక్టర్' అనేవాడు. అల్లప్పచ్చడి వేలితో నాకి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఇంకొంచెం వెయ్యమనేవాడు. శనివారం సాయంత్రాలు కింద కూర్చుని కర్రలకు అవిసె నూనె పట్టించేవాడు. ఆ వాసన మెట్లెక్కి వచ్చి పైన ఇంగువ పోపుతో కలిసేది. ఇప్పటికీ ఎక్కడైనా కొత్తగా నూనె పట్టించిన చెక్క వాసన తగిలితే నాకు ముందు ఆకలి వేస్తుంది, ఆ తరువాత కోపం వస్తుంది.

మా ఇంట్లో పేర్ల సంగతి కూడా చెప్పాలి. నాకు తాతగారి పేరు పెట్టారు. మామగారి పేరు కోడలు నోటితో అనకూడదు గనక అమ్మ నన్ను పుట్టినప్పటినుంచీ బాబూ అనే పిలిచింది. స్కూలు ఫారం నింపాల్సి వస్తే పెన్ను నాన్నగారి చేతికిచ్చేది. ఒకసారి స్కూలువాళ్ళు ఫోన్ చేసి మీ అబ్బాయి పేరేమిటని అడిగితే, "మై సన్. ఇండియన్. ఓన్లీ వన్," అని చెప్పి పెట్టేసింది. నాన్నగారు ఒక్కరే నన్ను పేరు పెట్టి పిలిచేవారు. జగన్నాథం అని, ఒక్క అక్షరం మింగకుండా, ఒత్తు ఒత్తుగానే పలికేవారు. సొంత తండ్రిని ఆయన ఎన్నడూ పేరుతో పిలిచి ఉండరు కదా, ఆ పేరు నోరారా అనుకునే వీలు నా వల్ల దొరికిందేమోనని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు ఇవేవీ తట్టలేదు. స్కూల్లో జాగ్, ఇంట్లో బాబు. ఆ పూర్తి పేరు బీరువాలో మడతపెట్టిన పట్టుపంచెలాంటిది, ఉందంటే ఉంది, నాకు రోజూ పనికొచ్చేది కాదు. అంచేతే దాన్ని ఎవరికైనా ఇస్తే పోయేదేముంది అనుకున్నాను కాబోలు. ఆ బుద్ధిలేనితనానికి ఇంతకంటే మంచి కారణం ఇన్నేళ్ళయినా నాకు దొరకలేదు.

డినీ ఆట కథ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. వాళ్ళ దేశంలో ఆ ఆటకు జీతం ఉండదు. ఎంత గొప్ప ఆటగాడైనా పుట్టిన ఊరి జట్టుకే ఆడాలి. ఆదివారం వేలమంది ముందు ఆడి చప్పట్లు కొట్టించుకున్నవాడు సోమవారం పొద్దున్నే లేచి ఆవుల కింద కూర్చోవాలి. డినీ పదహారేళ్ళకే ఊరి పెద్దల జట్టులోకి వచ్చాడు. ఇరవయ్యేళ్ళకు జిల్లా చొక్కా వేసుకున్నాడు. ఆ ఏడు వాళ్ళ జిల్లా దేశంలోకెల్లా పెద్ద ఫైనల్‌కి వెళ్ళింది. డినీ బూట్ల తాళ్ళు బిగించుకుని బెంచీ మీద కూర్చున్నాడు. ఎవరికైనా దెబ్బ తగలకపోతుందా, తనను పిలవకపోతారా అని ఆట అయిపోయేదాకా చూశాడు. పిలవలేదు. మరుసటేడు మోకాలు చెడింది, జిల్లావాళ్ళు మరిచిపోయారు, మనిషి కెనడాకు వచ్చి పడ్డాడు. "గెలిచినవాళ్ళు మరిచిపోతారు జాగ్, ఓడినవాళ్ళూ మరిచిపోతారు. బయట కూర్చున్నవాడికే చచ్చేదాకా గుర్తుంటుంది," అనేవాడు. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో! నాకంటే పదిహేనేళ్ళు పెద్దవాడు, అలా తలవంచుకుని కూర్చుంటే ఆ ఫైనల్ ఎక్కడినుంచైనా తెచ్చి అతని చేతిలో పెట్టాలనిపించేది.

నాకు ఆట నేర్పింది అతనే. కాకినాడ సందుల్లో బిళ్ళంగోడు ఆడిన చెయ్యి నాది, గాల్లోకి లేచినదాన్ని కొట్టడం కొత్త కాదు. డినీ అది ఒక్క సాయంత్రంలో కనిపెట్టాడు. చలికాలమంతా గరాజ్ గోడకు బంతి కొట్టించేవాడు. వేళ్ళు కొంకర్లు పోయి, కణుపులు చిట్లి, అన్నం కలుపుకోలేకపోతే అమ్మ ముద్దలు కలిపి పెట్టి, కిందకు వినబడేలా డినీని తిట్టేది. యూనివర్సిటీలో ఇంజినీరింగ్‌లో చేరిన ఏడే క్లబ్ జట్టులో చోటు వచ్చింది. గోల్ పక్కన కాపలా కాసే చోటు. నా వెనక్కి బంతి పోనివ్వకూడదు, అంతే నా పని. మూడు సీజన్లు ఆడాను. మొదట్లో నన్ను చూసి నవ్విన ఐరిష్ ముసలాళ్ళు మూడో ఏడు వచ్చేసరికి నా కోసం అరిచేవాళ్ళు. నాన్నగారు ఒక్క మ్యాచ్‌కీ రాలేదు గానీ, ఆదివారం సాయంత్రం ఇంటికి రాగానే "ఏం జగన్నాథం, ఎవరినైనా కాపాడావా?" అని అడిగేవారు. ఆ ఎగతాళి నాకు ఇష్టంగా ఉండేది.

మూడో సీజన్‌లో క్లబ్ ఫైనల్‌కి వెళ్ళింది. డినీ లేకుండానే వెళ్ళింది. అంతకు ముందు ఒక మ్యాచ్‌లో గోల్ దగ్గర జెండా ఊపే అంపైర్ కాలర్ పట్టుకున్నందుకు ఆ సీజనంతా అతన్ని సస్పెండ్ చేశారు. అప్పటికి అతనికి ముప్ఫై అయిదు దాటాయి, మోకాలికి రోజూ ఐస్ పెట్టుకునేవాడు. ఇంకొక ఫైనల్ వస్తుందని అతనే అనుకోలేదు. ఫైనల్ ఆదివారం అనగా గురువారం సాయంత్రం క్లబ్ సెక్రటరీ ఫ్రాంక్ మా ఇంటికి వచ్చాడు. వంటింట్లో ముగ్గురం కూర్చున్నాం, అమ్మ పకోడీలు వేస్తోంది. అరువు పేర్ల ఆచారం గురించి ఆ రోజే నాకు పూర్తిగా తెలిసింది. ఐర్లండ్ నుంచి రెండ్రోజులకు దిగినవాడు, సస్పెన్షన్‌లో ఉన్నవాడు ఇంకొకడి పేరు మీద ఆడేస్తారు, పేరిచ్చినవాడు ఆ రోజు బయట కూర్చుంటాడు. అవతలి జట్టూ అదే పని చేస్తుంది గనక ఎవరూ ఎవరి మీదా చాడీ చెప్పరు.

"రెఫరీ లిస్టులో పేర్లు చూస్తాడు, ముఖాలు చూడడు," అన్నాడు ఫ్రాంక్. "కానీ మావాళ్ళు ఒక్కడూ పేరివ్వడు. ఫైనల్ గెలిస్తే ఐర్లండ్‌లో వాళ్ళ ఊరి పేపర్లో పేరు పడుతుంది, అమ్మలు చదువుకుంటారు."

డినీ కంచంలోకి చూస్తున్నాడు. నన్ను ఎవరూ అడగలేదు. ఇది ఒప్పుకోవాలి. అడగకుండానే "నా పేరు రాసుకోండి. మా అమ్మ నా పేరు చదవను కూడా చదవదు," అన్నాను, ఏదో గొప్ప జోకు వేసినట్టు. గురుదక్షిణ ఇస్తున్నానన్న పొగరు కూడా ఉంది. వద్దంటాడనుకున్నాను. బయట కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు నూరిపోసినవాడు, కనీసం ఒక్కసారైనా వద్దంటాడనుకున్నాను. డినీ నా భుజం తట్టి, "నీకు ముందు ముందు బోలెడు ఫైనల్స్ ఉన్నాయి జాగ్," అన్నాడు. పకోడీలు తిన్నాడు.

ఆదివారం నేను మామూలు చొక్కా వేసుకుని బెంచీ మీద ఫ్రాంక్ పక్కన కూర్చున్నాను. డినీ ఆడిన ఆట గురించి అబద్ధం చెప్పలేను. ఆ మోకాలితో అలా ఎలా ఆడాడో నాకు ఇప్పటికీ తెలియదు. మొదటి గోల్ పడగానే మైకులో "గోల్! జగన్నాథం!" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. రెండో గోల్‌కీ అదే. నా పేరు అంత గట్టిగా, అంతమంది మధ్య, అంతవరకు ఎన్నడూ వినలేదు. సిగ్గులేకుండా ఒళ్ళు పులకరించింది. ఆ తరువాత అవతలివాళ్ళ కుర్ర ఆటగాడు కెవిన్ డినీని వదలకుండా పట్టుకుని ఆడడం మొదలుపెట్టాడు. చొక్కా లాగాడు, మోకాలి మీద తన్నాడు, ముసలాడా అన్నాడు. ఆ రోజుల్లో ఎవరికీ హెల్మెట్లు లేవు. బంతి మైదానానికి అవతలి చివర ఉంది. అందరూ అటే చూస్తున్నారు. నేను మాత్రం డినీనే చూస్తున్నాను గనక చూశాను. వెనక్కి తిరిగి, కర్ర రెండు చేతులా పట్టుకుని కొట్టాడు. కెవిన్ ముఖం చేతుల్లో పెట్టుకుని మోకాళ్ళ మీద కూలబడ్డాడు. వాళ్ళ జట్టులోనూ ఇద్దరు అరువు పేర్లవాళ్ళు ఉన్నారు, కొట్టిన మనిషి ఎవరని తవ్వితే వాళ్ళ బండారమూ బయటపడుతుంది. రెఫరీ లిస్టు చూసి పేరు రాసుకున్నాడు. మేం గెలిచాం.

ఆదివారాలు పిలిస్తే వచ్చే కంటి డాక్టర్లు విండ్సర్‌లో అప్పుడు ఇద్దరే. ఆ వారం వంతు నాన్నగారిది. సాయంత్రం ఏడింటికి ఇంటికి వచ్చారు. సింక్ దగ్గర చేతులు చాలాసేపు కడుక్కున్నారు. అమ్మ అన్నం వడ్డిస్తానంటే వద్దన్నారు.

"జగన్నాథం."

"ఆఁ, నాన్నగారూ."

"ఇవాళ ఒక కుర్రాడి ఎడమ కన్ను తీసేయాల్సి వచ్చింది. నీకంటే రెండు మూడేళ్ళు పెద్దాడేమో. కొట్టిందెవరయ్యా అని అడిగితే వాళ్ళ కోచ్ జేబులోంచి లిస్టు తీసి చదివాడు. నాకు అర్థం కాలేదనుకుని రెండోసారి స్పెల్ చేసి మరీ చెప్పాడు."

"నేను కాదు నాన్నగారూ. నేనసలు ఆడలేదు. నా పేరు మీద డినీ ఆడాడు."

"పేరు మీద ఆడడమేంటి?"

చెప్పాను. ఆయన నిలబడే విన్నారు. నేను కొట్టలేదని తెలిస్తే తేలికపడతారనుకున్నాను. ఆయన ముఖం అంతకంతకూ నల్లబడింది.

"నువ్వే కొట్టుంటే, ఆటలో పొరపాటున తగిలిందేమోలే అని సర్దిచెప్పుకునేవాణ్ణి," అన్నారు. "మా నాన్న పేరు. అది నీది కాదురా, నీ దగ్గర ఉంచాం. అడక్కుండానే తీసి ఇచ్చేశావా?"

"ఏదో పిల్లాడు, తెలీక చేశాడండీ," అంది అమ్మ.

"తెలుసుకోమను. రేపు పొద్దున్నే వెళ్ళి ఆ రెఫరీకి జరిగింది చెప్పమను."

నేను బేస్‌మెంట్‌లోకి వెళ్ళాను. డినీ మంచం మీద కూర్చుని మోకాలికి ఐస్ పెట్టుకుంటున్నాడు. గెలిచిన కప్పు అతని పక్కనే ఉంది. మా నాన్నగారి మాట చెప్పాను. కెవిన్ కన్ను పోయిందని కూడా చెప్పాను. ఐస్ సంచీ తీసి నేల మీద పెట్టాడు. ఆ తరువాత, "చెప్పకు జాగ్. కప్పు పోతుంది. నన్నింక బతికినన్నాళ్ళూ మైదానంలోకి రానివ్వరు. నువ్వు ఇంజినీరువవుతావు, పెద్ద ఇల్లు కొంటావు, ఈ ఆట లేకపోయినా నీకు గడుస్తుంది. నాకేముంది చెప్పు?" అన్నాడు. ఆస్పత్రికి వెళ్ళి కెవిన్‌ని చూస్తానన్నాడు. వెళ్ళలేదు. నేను రెఫరీకి చెప్పలేదు. భయపడ్డానంటే సగమే నిజం. ఇంత జరిగాక కూడా, అతనికి నేనే దిక్కన్న గొప్ప ఒకటి నా కడుపులో మిగిలి ఉంది. దాన్ని తలుచుకుంటే ఇవాళ్టికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. చేసిందొకడు, అనుభవించింది ఒకడు అని లోకం మీద నెట్టేయడం తేలికే. కానీ నోరు మూసుకున్నది నేను.

నిషేధం ఉత్తరం పూర్తి పేరుతో ఇంటికే వచ్చింది. నాన్నగారు దాన్ని విప్పకుండా నా కంచం పక్కన పెట్టి ఆస్పత్రికి వెళ్ళిపోయారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కాకపోతే ఆ రోజు నుంచి నన్ను పేరుతో పిలవడం మానేశారు. "ఏమోయ్" అనేవారు. "ఇదిగో" అనేవారు. నా పెళ్ళి పత్రిక మీద పేరు ఆయనే రాశారు గానీ, వచ్చినవాళ్ళకు నన్ను చూపించి "మావాడు" అన్నారు. డినీ రెండు నెలల్లో వేరే గది చూసుకున్నాడు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, ఆ తరువాత మా వీధిలోకి కూడా రాలేదు. ఇంకో మూడేళ్ళు ఆడాడు, ఈసారి సొంత పేరు మీదే. నా రెండేళ్ళు గడిచాయి, నేను కర్ర పట్టుకోలేదు. నాన్నగారు కెనడాలోనే ఉన్న లండన్ అనే ఊళ్ళో ఆస్పత్రిలో ఆఖరి రోజుల్లో ఉన్నప్పుడు, తెలివి ఎంతవరకు ఉందో చూడ్డానికి నర్సు ఆయనకు నన్ను చూపించి, ఈయన పేరేమిటి అని అడిగింది. ఆయన కళ్ళు తేటగా ఉన్నాయి. నన్ను గుర్తుపట్టారు, అందులో అనుమానం లేదు. "మై సన్," అని కళ్ళు మూసుకున్నారు. నర్సు కాగితం మీద ఏదో రాసుకుంది. ఆమెకు ఆ జవాబు సరిపోయింది.

ఇప్పుడు వాటర్లూలో సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళను చూస్తుంటాను. వెంకటసుబ్రహ్మణ్యం కాఫీ కొట్లో సామ్ అవుతాడు, కప్పు మీద అదే రాయించుకుంటాడు, ఎవరికీ ఏ నొప్పీ లేదు. వాళ్ళింట్లో ఎవరి పేరైనా ఎవరైనా అంటారు. మా మనవరాలు నన్ను "హేయ్ జాగ్" అని పిలిస్తే మా ఆవిడే నవ్వుతుంది. ఆటలూ మారాయి. ముఖానికి ఇనుప జాలీ ఉన్న హెల్మెట్ లేకుండా మైదానంలో అడుగు పెట్టనివ్వరు, ప్రతి ఆటగాడికీ ఫోటో కార్డు ఉంటుంది, ఫోన్‌తో స్కాన్ చేసి లోపలికి పంపుతారు. మంచిదే. కెవిన్ ఈ రోజుల్లో ఆడి ఉంటే రెండు కళ్ళతో ముసలివాడయ్యేవాడు. మా రోజులే గొప్పవని నేను అనలేను. ఆ రోజుల్లో పేరుకు విలువ ఉందని చెప్పేవాళ్ళ మధ్యే దాన్ని అంత సులువుగా అరువిచ్చుకున్నాం.

నోరీన్‌కు ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆమెకు నిజంగానే తెలియదు. అరువు పేరు కథ వాళ్ళ నాన్న ప్రతి క్రిస్మస్‌కీ నవ్వుతూ చెప్పేవాడట. దెబ్బ సంగతి అందులో లేదట.

"అంటే... కొట్టింది నాన్నా?"

"అవునమ్మా. ఆ గోల్స్ మీ నాన్నవే. ఈ దెబ్బ కూడా అక్కడే, ఆ పేజీలోనే రాయి."

ఆమె కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "నాన్న లేడు అంకుల్. ఆయన తరఫున మాట్లాడ్డానికి ఎవరూ లేరు."

"మా నాన్నగారూ లేరు," అన్నాను. నా గొంతు నేననుకున్నదాని కంటే గట్టిగా వచ్చింది. మా ఆవిడ లోపలినుంచి తొంగి చూసింది. నోరీన్ కాసేపు ఫైలు అంచు గోటితో గీకుతూ కూర్చుని, "ఐ విల్ ఫిక్స్ ఇట్," అంది. వెళ్ళేటప్పుడు నన్ను కావలించుకుంది. మంచి పిల్ల. ఆమె మీద నాకు కోపం లేదు.

పుస్తకం పోయిన వారం పోస్టులో వచ్చింది. అట్ట మీద డినీ, చేతిలో కప్పు. ఫైనల్ పేజీ తీశాను. రెండు గోల్స్, అయిదు పాయింట్లు, ఒక స్నేహితుడి పేరు మీద ఆడాడు, నవ్వుముఖం. దెబ్బ మాట లేదు. శిక్షల జాబితా తీశాను. ఆ ఫైనల్ తాలూకు గీత ఎత్తేశారు. సరే, ఎక్కడైనా ఒక చోట ఉంటాను కదా అని మొదటినుంచి వెతికాను. ఫ్రాంక్ నోట్‌బుక్కుల్లో గోల్స్ కొట్టినవాళ్ళ పేర్లే రాసి ఉన్నాయట, కాపలా కాసినవాళ్ళవి లేవు. ఉన్న ఒకే ఒక్క జట్టు ఫోటో ఫైనల్ రోజుది, అందులో నేను లేను. మూడు సీజన్లు, చిట్లిన కణుపులు, నా వెనక్కి పోని బంతులు, ఏవీ లేవు. ఆ క్లబ్‌లో నేనున్నానని చెప్పే కాగితం ఆ దెబ్బ ఒక్కటేనన్నమాట. ఆఖరి పేజీ దాకా చూసి మూసేశాను.

మధ్యాహ్నం నోరీన్ ఫోన్ చేసింది. "అంకుల్ జాగ్, పుస్తకం చూశారా? ఫిక్స్ చేసేశాను. ఇప్పుడు మీ పేరు ఎక్కడా లేదు," అంది, సంతోషంగా.

థాంక్స్ అమ్మా, అన్నాను.